అలావుద్దీన్ ఆయాసం

పుంగనూరులో దూది పరుపు కుట్టించుకోవాలంటే అలావుద్దీన్ దగ్గరికే పోవాలి. పోతే పరుపుతోబాటు నాలుగు చీవాట్లు కూడా ఇంటికి తెచ్చుకోవాలి. పాత పరుపు విప్పి లోపలి దూది చూడగానే ఆ ఇంటి గుట్టంతా బయటపెట్టేవాడు. "ఏమమ్మా, దీన్ని ఒక్కనాడన్నా ఎండలో ఏసినారా? పిల్లోడు పక్క తడిపితే తిరగేసి పండుకుంటాండారా?" అని నలుగురూ వినేట్టు అడిగేవాడు. ఆ అమ్మ సిగ్గుతో తల దించుకుని పోయేది. మళ్ళీ పరుపు నలిగితే అతని దగ్గరికే వచ్చేది.

నా పేరు జయరత్నం. లెక్కల మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. పుట్టి పెరిగింది మదనపల్లెలో, మిషన్ ఆసుపత్రి వెనక వీధిలో. ఉద్యోగం నన్ను పుంగనూరుకు తెచ్చి పడేసింది. ఇల్లు అలావుద్దీన్ అంగడికి ఎదురుగా దొరికింది. అప్పటినుంచి పొద్దున పేపరు అతని అంగడి అరుగు మీదే చదువుతాను. చదవనిస్తే కదా! ప్రతి వార్తకూ అతనొక తీర్పు చెప్పాలి, దాన్ని నేను కాదనాలి, ఇద్దరం గొంతు పెంచాలి. చివరికి అతను సూది దూదిలో గుచ్చి, "పోనీలే సారూ, నువ్వు సదువుకున్నోడివి, నీకు తెలీదులే" అనేవాడు. అతన్ని కొట్టాలనిపించేది. మర్నాడు పొద్దున మళ్ళీ అక్కడే కూర్చునేవాణ్ణి.

అతని సొంతూరు కురబలకోట పక్క పల్లె. తండ్రి దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాడు. చిన్నప్పుడు తండ్రి వెంట నడిచి గంగవరం దాకా పల్లెలన్నీ చూశాడట. వీధిలో నిలబడి విల్లు నారిని మోగిస్తే ఆడవాళ్ళు పాత పరుపులు మోసుకొచ్చేవాళ్ళట. తర్వాత మదనపల్లెలో ఒకరి దగ్గర కరెంటు మిషను పని నేర్చుకున్నాడు. దిల్షాద్‌ను పెళ్ళి చేసుకుని పుంగనూరు వచ్చి, సొంతంగా దూది మిషను పెట్టుకున్నాడు. ఈ ఊళ్ళో సగం పెళ్ళిళ్ళకు పరుపులు కుట్టింది తనే అని గొప్పలు పోయేవాడు. సగం కాకపోయినా చాలానే కుట్టాడు. ఫోమ్ పరుపులొచ్చి వ్యాపారం పడిపోయింది. దిల్షాద్ కన్నుమూసింది. ఒక్కగానొక్క కూతురు ఫిర్దౌస్‌ను కుప్పంలో ఇచ్చాడు. అల్లుడు వాజిద్ అక్కడ గ్రానైట్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఇంట్లో మిగిలింది అలావుద్దీన్, అతని నోరు.

ఆ దూది మిషను గురించి ఒక మాట చెప్పాలి. అది తిరుగుతుంటే పక్క మనిషి అరిచినా వినపడదు. దుమ్ము లేచి కనుబొమ్మల దాకా తెల్లగా పేరుకుంటుంది. ఆ పని చేసేవాళ్ళకి చెవుడూ ఎగశ్వాసా పనితోబాటే వస్తాయి. అతని తండ్రికీ వచ్చాయి, అన్నకీ వచ్చాయి. ఆ ఇళ్ళలో వాటిని రోగాలని ఎవరూ అనుకోరు. వయసైతే జుట్టు నెరిసినట్టే అనుకుంటారు. అందుకే ఆ రంజాన్ నెలలో అలావుద్దీన్ ఒంట్లో ఏం జరుగుతోందో మాలో ఒక్కరికీ తట్టలేదు.

అతనికి మోకాళ్ళ నొప్పులు. జీవితమంతా నేల మీద మోకాళ్ళు మడిచి పరుపులు కుట్టిన మనిషికి నొప్పులు రాకుండా ఎట్లా ఉంటాయి? ఎప్పుడో ఒక డాక్టరు కొన్నాళ్ళు వాడమని ఆస్ప్రిన్ రకం మాత్రలు రాసిచ్చాడు. ఆ కొన్నాళ్ళు ఏళ్ళయినాయి. చీటీ ఎప్పుడో చిరిగిపోయింది, మాత్రలు మాత్రం ఆగలేదు. మందులంగట్లో అతన్ని చూడగానే అడక్కుండానే పట్టీలు తీసి ఇచ్చేవాళ్ళు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం టీతోబాటు వేసుకునేవాడు.

రంజాన్ నెలలో రాత్రి తరావీ నమాజు ఉంటుంది. చాలాసేపు నిలబడాలి, వంగాలి, లేవాలి. మసీదులో పెద్దవాళ్ళ కోసం వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మోకాళ్ళు సహకరించనివాళ్ళు కూర్చుని నమాజు చేసుకోవచ్చని, ఒంట్లో బాగాలేనివాళ్ళు ఉపవాసం కూడా తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చని ఇమాం సాహెబే చెప్పాడు. అలావుద్దీన్ వింటేనా?

"కుర్చీలో కూసోని చేసేదానికి అదేమన్నా మున్సిపాలిటీ మీటింగా సారూ?" అన్నాడు నాతో. "దిల్షాద్ పోయిన ఏడు కూడా నేను నిలబడే చేసినాను."

"మోకాళ్ళు నీవి. నాకేమిటి?" అన్నాను.

"అదే చెప్తాండా. మాత్ర ఏసుకుంటే అవే నిలబడతాయి."

పగలు ఏదీ మింగకూడదు కదా. అందుకని మధ్యాహ్నం వేసుకునేవాటిని కూడా తెల్లవారుజామున తినేటప్పుడు వేసుకునేవాడు. సాయంత్రం ఉపవాసం విడిచాక మళ్ళీ వేసుకునేవాడు. తరావీకి పోయే ముందు కాళ్ళు మొరాయించకుండా ఇంకోసారి. పగలంతా చుక్క నీళ్ళు లేవు, మిషను ఆగదు. పండక్కి కొత్త పరుపులు అడిగినవాళ్ళు ఉన్నారు మరి. ఇన్ని మాత్రలు ఒక్కసారే మింగుతావేమిటని నేను కసిరితే నవ్వాడు.

"రాత్రిది తప్పిస్తే దినానికి ఏసుకునేవి అవే సారూ. యాళలు మారినాయి, అంతే. లెక్కలాయనవు, నీకు నేను చెప్పాల్నా?"

రెండో వారంలో పేపరు చదువుతుంటే మిషను ఆపి వచ్చి పక్కన కూర్చున్నాడు. "సారూ, మిషను ఆపినా సెవిలో తిరగతానే ఉండాది" అన్నాడు. "మా నాయనకూ ఇంతే. ఈ వయసుకి వచ్చింది ఆయనకు." అన్నదే నేను మళ్ళీ అనాల్సి వచ్చేది. పోట్లాట సగం చప్పబడింది. తర్వాత చొక్కా తడిసి ముద్దవడం మొదలైంది. అప్పటికింకా ఎండలు ముదరలేదు. అడిగితే ఉపవాసం అన్నాడు. ఆ తర్వాత ఊపిరి. ఊరికే కూర్చున్న మనిషి కొండెక్కి దిగినవాడిలా గబగబా, లోతుగా పీల్చేవాడు. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకునేవాడు. దూది దుమ్ము అన్నాడు. ఇంటికి వచ్చిపోయేవాళ్ళూ దూది దుమ్మే అన్నారు. ఏ బాధకు తగ్గ కారణం ఆ బాధ రాకముందే అతని దగ్గర సిద్ధంగా ఉండేది.

పండగ దగ్గర పడిందని ఫిర్దౌస్ వచ్చింది. తండ్రి సరిగా పడుకోవడం లేదని, గోడకు ఆనుకుని కూర్చునే తెల్లారుస్తున్నాడని నాతో చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఉపవాసం విడవమని ఆమె బతిమాలింది, నేను తిట్టాను. "ఇంకెన్ని దినాలుండాది? పండగ పోయినాక మీరు సెప్పినట్టే యింటా" అన్నాడు.

మర్నాడు పొద్దున నేను పోయేసరికి అతను అంగట్లో కూర్చుని పరుపు మూతి కుడుతున్నాడు. సూది ఎప్పటిలాగే చకచకా పోతోంది. కుట్లు వరసగా పడుతున్నాయి. దగ్గరికి పోయి చూస్తే ఆ గలేబులో దూది లేదు. ఖాళీ బట్టకు మూతి కుట్టేస్తున్నాడు.

"అబ్బాజాన్, దూది యాడ?" అంది ఫిర్దౌస్.

అతను తలెత్తి కూతుర్ని చూశాడు. "దిల్షాద్, గొంతెండిపోతాండాది. కొంచెం నీళ్ళు తీసుకురా" అన్నాడు.

చచ్చిపోయిన తల్లి పేరు పెట్టి పిలిచినందుకు కాదు ఆ పిల్ల బెదిరింది. బుద్ధి తెలిసినప్పటినుంచీ రంజాన్ పగలు నీళ్ళ మాటెత్తని మనిషి నీళ్ళడిగాడు. ఫిర్దౌస్ చెంబు తెచ్చి తాగించింది. ఆటో పిలిచి ఇద్దరం అతన్ని దగ్గర్లో ఉన్న క్లినిక్‌కు తీసుకుపోయాం.

అక్కడ డాక్టర్ నరేంద్ర మంచివాడే, ఓపికగా చూశాడు. సెలైన్ పెట్టించాడు. దుమ్ములో పని కదా, ఆస్తమా అయ్యుంటుందని ముఖానికి మాస్కు తగిలించి మందు పట్టించాడు. ఫిర్దౌస్ తండ్రి జేబులోంచి మాత్రల పట్టీలు తీసి చూపించింది. ఆ పిల్ల ఏదీ దాచలేదు.

"ఒకేసారి గుప్పెడు మింగినాడా ఏమన్నా?" అని అడిగాడు.

"లేదు సార్. ఏండ్లుగా ఏసుకునేవే. ఉపాసాలని యాళలు మార్చుకున్యాడు."

"అట్లయితే దీన్తో భయం లేదమ్మా. ఒక్కసారిగా మింగేసినోళ్ళకే ఇది ప్రమాదం" అన్నాడు. అతను ఎంత నమ్మకంగా చెప్పాడంటే నాకు కూడా ప్రాణం కుదుటపడింది.

అలావుద్దీన్‌కు మాత్రం కుదుటపడలేదు. మాస్కు పీకేస్తాడు, పడుకోబెడితే లేచి కూర్చుంటాడు, మంచం కడ్డీ పట్టుకుని ఎగబీలుస్తాడు. ఎవరినో తిడతాడు. దూది తడిసిందని అరుస్తాడు. పక్కటెముకలు లోపలికి పోయి బయటికి వస్తుంటే చూడలేకపోయాం. ఫిర్దౌస్ డాక్టరు చేతులు పట్టుకుంది.

"సార్, కన్ను మూసి ఎన్ని దినాలైందో. మీ కాళ్ళు పట్టుకుంటాను. కొంచేపు నిద్ర పట్టేదానికి సూది ఏదన్నా ఏయండి సార్."

నరేంద్ర ఒక్క క్షణం తటపటాయించాడు. ఆ పిల్ల ఏడుపు చూసి సరేనన్నాడు. నర్సు సూది వేసింది. కాసేపటికి అలావుద్దీన్ పట్టు సడలించి దిండు మీదికి ఒరిగాడు. ఎగబీల్చడం తగ్గింది. ఊపిరి నెమ్మదిగా, మామూలు మనిషి ఊపిరిలా నడిచింది. ఫిర్దౌస్ చున్నీ కొంగుతో తండ్రి నుదురు తుడుస్తూ ఏడుస్తూనే నవ్వింది. నేను కళ్ళు మూసుకుని ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాను. ఎంత సంతోషపడ్డామో ఇప్పుడు తలచుకోవాలనిపించదు.

పిలిస్తే పలకడం లేదని నరేంద్రకు తర్వాత అనుమానం వచ్చినట్టుంది. పెద్దాసుపత్రిలో ఒక పూట ఉంచి చూపించండి, మంచిది అన్నాడు. మదనపల్లె అయితే దగ్గర, అక్కడికే పోదాం అన్నాను నేను. ఫిర్దౌస్ కుప్పమంది. తన కాన్పు అక్కడి పెద్దాసుపత్రిలోనే అయింది, మనుషులు తెలుసు, వాజిద్ ఉన్నాడు. ఆయాసం తగ్గింది కదా, ఎక్కడైతేనేం అనిపించింది. అంబులెన్సులో పలమనేరు దారి పట్టాం. చిన్నప్పుడు తండ్రి వెంట నడిచిన పల్లెల మీదుగానే పోతున్నామని ఆ మనిషికి తెలియదు. తెలిస్తే ఒక్కో ఊరి ఆడవాళ్ళ గురించి ఒక్కో కథ చెప్పేవాడు. ఫిర్దౌస్ ఫోనులో భర్తతో మాట్లాడింది. "ఆయాసం తగ్గిపోయిందండీ. నిమ్మళంగా నిద్రపోతాండాడు. మీరేం కంగారుపడొద్దు. పండక్కి ఇంటికొచ్చేస్తాడు."

కుప్పంలో మమ్మల్ని చూసిన డాక్టరు పేరు మేఘన. చిన్న వయసు, చకచకా నడిచే మనిషి. అతని కళ్ళు తెరిచి చూసింది, గుండె మీద చెయ్యి పెట్టి ఊపిరి లెక్క చూసింది, మాత్రల పట్టీలు చూసింది.

"ఊపిరి మొదటినుంచీ ఇంత మెల్లగానే ఉండిందా?" అని అడిగింది.

"లేదమ్మా, పొద్దున దాకా శానా ఆయాసపడినాడు. నిద్రకు సూది ఏసినాక తగ్గింది" అంది ఫిర్దౌస్. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖంలో సంబరం ఇంకా అట్లాగే ఉంది.

మేఘన ముఖం మారిపోయింది. వెంటనే లోపలికి కేకేసింది. నలుగురు పరుగెత్తుకొచ్చి మంచాన్ని లాక్కుపోయారు. మణికట్టు దగ్గర రక్తం తీసి పరీక్షకు పంపారు. డయాలిసిస్ వాళ్ళకు ఫోను పోయింది. మాకు ఏమీ అర్థం కాలేదు. తగ్గిన మనిషి కోసం ఇంత హడావిడి ఎందుకో తెలియక ఇద్దరం గోడకు ఆనుకుని నిలబడ్డాం.

కాసేపటికి ఆమే మా దగ్గరికి వచ్చింది. "ఈ మందు ఒంట్లో పేరుకుపోతే రక్తం పులిసిపోతుంది. ఆ పులుపు బయటికి పోవాలంటే మనిషి గబగబా ఊపిరి తీయాలి. ఆయన ఇన్నాళ్ళూ ఆయాసపడింది అందుకే. ఆ ఆయాసమే ఆయన్ని నిలబెట్టింది" అంది. ఆ ఆయాసాన్నే నిద్ర సూదితో ఆపించామని మాకు అప్పుడు అర్థమైంది. ఫిర్దౌస్ చెయ్యి నోటికి పోయి అక్కడే ఆగిపోయింది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు, ఎదురుగా ఉంది కాబట్టి మేఘన మీద చూపించాను. "రక్తంలో మందు ఎంతుందో చూశారా? ఏళ్ళ తరబడి మింగుతున్న మనిషికి ఇప్పుడే ఏమొచ్చింది?" అని గట్టిగా అడిగాను.

"చూసినాం సార్. అంకె అంత పెద్దదేం కాదు. ఒక్కసారే మింగి వచ్చిన కుర్రవాడి రక్తంలో ఇదే అంకె ఉంటే నేను ఇంత భయపడను. రోజూ మింగే పెద్దవాళ్ళలో మందు రక్తంలో కొంచెమే కనపడుతుంది. మిగిలింది లోపల మెదడు దాకా దిగిపోయుంటుంది. నీళ్ళు లేక కిడ్నీలు కూడా మందును బయటికి పంపలేదు. అంకె చూసి ధైర్యం చెప్పుకోకూడదు సార్, మనిషిని చూడాలి. వయసు, మతి తప్పడం, ఊపిరి, రక్తం ఎంత పులిసింది అనేది. ఆయనకు అన్నీ చెడ్డగానే ఉన్నాయి."

జీవితమంతా పిల్లలకు అంకెల్ని నమ్మమని చెప్పినవాణ్ణి.

"బతుకుతాడా అమ్మా?" అంది ఫిర్దౌస్.

"రక్తం శుభ్రం చేసే మిషను పెడుతున్నాం. అది పనిచేసేదాకా గుండె తట్టుకోవాలి" అని మేఘన లోపలికి పోయింది.

తట్టుకోలేదు. మెడ దగ్గర గొట్టం వేస్తుండగానే గుండె ఆగింది. తలుపు సందులోంచి ఒకడు ఛాతీ మీద రెండు చేతులతో నొక్కడం కనిపించింది. అలిసిపోతే ఇంకొకడు అందుకున్నాడు. చాలాసేపు నొక్కారు. ఆ ఛాతీ మీద నేనెప్పుడూ దూది పీచు లేకుండా చూడలేదు. అప్పుడూ చొక్కా గుండీల దగ్గర కొంచెం ఉంది. ఆ నొక్కడం ఆపకండిరా అని లోలోపల అరుస్తూనే ఉన్నాను. వాళ్ళు ఆపేశారు.

అప్పుడే వాజిద్ వచ్చాడు. మామకు ఆసుపత్రిలో సుఖంగా ఉంటుందని చంకలో ఒక దిండు, సాయంత్రం తాగించడానికి ఫ్లాస్కులో గంజి. నవ్వుతూ వచ్చి మా ముఖాలు చూసి ఆగిపోయాడు. ఫిర్దౌస్ భర్త వైపు చూడలేదు. ఏడవలేదు కూడా. మేఘన బయటికి రాగానే ఎదురుపోయి నిలబడింది.

"అమ్మా, ఆ సూది నేనే అడిగినాను. ఆ క్లినిక్ డాక్టరు ఎయ్యాలనుకోలేదు. నేను కాళ్ళు పట్టుకుంటానని ఏడిస్తే ఏసినాడు. నేను అడక్కుండా ఉంటే మా అబ్బాజాన్ బతికుండునా?"

ఏదో ఒకటి చెప్పమ్మా, అబద్ధమైనా చెప్పు అని నా ప్రాణం కొట్టుకుంది. మేఘన ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. "సూది వేయకముందే ఆయన పరిస్థితి బాగా చెడిపోయిందమ్మా. వేయకపోయుంటే బతికేవాడని ఎవ్వరూ చెప్పలేరు" అంది.

"బతికేవాడు కాదని మీరు చెప్పగలరా?"

మేఘన ఆ పిల్ల భుజం మీంచి చెయ్యి తీసేసింది. ఫిర్దౌస్ ఆమె ముఖంలోకే చూస్తూ జవాబు కోసం అక్కడే నిలబడి ఉంది.